కోట కన్నా ముందు గెడ్డను చూపించండి

సంపాదకులకు,

నమస్కారం. పాత కట్టడాల ముందు ఫోన్ ఎత్తి పట్టుకుంటే కూలిపోయిన గోడ తిరిగి లేచి నిలబడినట్టు చూపించే ‘ఆగ్‌మెంటెడ్ రియాలిటీ’ (ఏఆర్) గురించి ఈమధ్య పత్రికల్లో తరచుగా చదువుతున్నాను. విజయనగరం కోటకూ, బొబ్బిలికీ, శాలిహుండానికీ ఇటువంటి హంగు కల్పిస్తే చూడవచ్చేవారు పెరుగుతారని అనేవారున్నారు. కాదనను. అయితే ముప్పై నాలుగేళ్ళు సర్వే శాఖలో పనిచేసి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పొలం గట్ల మీద నేలను కొలిచే గొలుసు లాగిస్తూ తిరిగినవాడిగా నాకు వేరే అభిప్రాయం ఉంది. కోటను రేపు చూపించినా ఫరవాలేదు, అది రాతితో కట్టినది. ఇవాళ పోతున్నవి గెడ్డలు (వాగులు), బందలు (చిన్న చెరువులు), మదుములు (తూములు), గోర్జిలు (ఇరుకు దారులు), వాటి పేర్లు. ఈ పరిజ్ఞానం మన ప్రాంతానికి రావలసి ఉంటే ముందు వాటి దగ్గరికి రావాలి. వచ్చేటప్పుడు పాత పటాన్ని మాత్రమే నమ్ముకుని రాకుండా, ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన ముసలివాళ్ళ మాటను కూడా వెంట తెచ్చుకోవాలి. ఈ సంగతి నాకు ఎలా తెలిసివచ్చిందో చెప్పడానికే ఈ లేఖ.

ఈ పరిజ్ఞానంతో పరిచయం లేని పాఠకుల కోసం ఒక్క మాట. 2016లో పిల్లలు ఫోన్లు పట్టుకుని వీధుల్లో బొమ్మ జంతువులను వెతుక్కుంటూ తిరిగిన ‘పోకెమాన్ గో’ ఆట చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇది ఆ కోవకు చెందినదే. కళ్ళకు పెట్టెలాంటి అద్దాలు తగిలించి మరో లోకంలోకి తీసుకుపోయే వర్చువల్ రియాలిటీ వేరు. ఇందులో మనం నిలుచున్న చోటు, ఎదుట ఉన్న చెట్టూ పుట్టా అలాగే కనిపిస్తూ ఉంటాయి. వాటి మీద ఫోన్ ఒక గీతనో, బొమ్మనో, పేరునో నిలబెడుతుంది. అది సరైన చోట నిలవాలంటే తాను ఎక్కడ ఉన్నదీ, ఎటు చూస్తున్నదీ ఫోన్‌కు తెలియాలి. మొదటిది ఉపగ్రహాల నుంచి, రెండోది లోపలి దిక్సూచి నుంచీ కెమెరా నుంచీ తెలుసుకుంటుంది. మిగిలినదంతా మనం అందించే సమాచారమే. మనం తప్పు అందిస్తే ఆ తప్పునే ముచ్చటగా చూపిస్తుంది.

మా నాన్నగారు కరణం. 1984లో కరణం, మునసబు పదవులను రద్దు చేసినప్పుడు ఊరి రికార్డులన్నీ అప్పగించారు గానీ, తన వాడకానికి తీయించుకున్న గ్రామ పటం నకలు ఒకటి ఇంట్లో ఇనప్పెట్టె అడుగున ఉండిపోయింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చిన తరువాత మా జమీందారీ గ్రామంలో జరిగిన సర్వే నాటిది. మైలుకు పదహారు అంగుళాల లెక్కన గీసిన పటం కనుక కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద దాదాపు నాలుగు మీటర్లు అవుతుంది. వెనక బట్ట అంటించి ఎనిమిది మడతలుగా పెట్టారు. విప్పితే ఇప్పటికీ ఎండిన వేపాకు వాసన వస్తుంది. చెరువు గర్భానికి సన్నని నీలి అలలు, గెడ్డకు జంట గీతలు, నీరు పారే వైపుకు బాణం గుర్తు, కాలిబాటకు తెగిన గీత, బావికి చిన్న సున్నా, మూడూళ్ళ పొలిమేరలు కలిసే చోట ట్రైజంక్షన్ రాయి, అన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే. సరిగ్గా చెరువు పైభాగాన, నాలుగు మడతలు కలిసే చోట, శనగగింజంత రంధ్రం పడింది. అక్కడ ఒకప్పుడు రాసి ఉన్న పేరును పురుగు తినేసింది.

ఇంజనీరింగ్ చదువుతున్న మా మనవరాలు ఈ వేసవి సెలవుల్లో ఆ పటాన్ని పట్నంలో పెద్ద స్కానరు మీద తీయించి, క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో నేటి ఉపగ్రహ చిత్రం మీద పరిచింది. ఇలా పరచడానికి నాటికీ నేటికీ కదలని గుర్తులను ఎంచుకుని ఒకదానికొకటి జత చేయాలి. అవి పటం నడిమధ్యలో ఒకచోటే గుమిగూడి ఉండకూడదు, నాలుగు అంచులకూ పరుచుకుని ఉండాలి. ఎందుకంటే కాగితం డెబ్బై ఏళ్ళలో తేమకు సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, అదీ అన్నివైపులా ఒకేలా కాదు. శివాలయం ధ్వజస్తంభం, ఊరబావి, చెరువు పాత మదుం, బడి వెనుక వంతెన, రెండు ట్రైజంక్షన్ రాళ్ళు, మొత్తం ఆరింటిని పట్టుకున్నాం. అయిదు గుర్తులు మూడు నాలుగు మీటర్ల తేడాతో కలిశాయి. ఆరోది, తూర్పు పొలిమేర రాయి, పదిహేను మీటర్లు ఎగిరి కూర్చుంది. వెళ్ళి చూస్తే రాయి ఉంది గానీ తన చోట లేదు. ట్రాక్టరుకు అడ్డం వస్తోందని ఎవరో పెకలించి గట్టు పక్కన పాతిపెట్టారు. ఉద్యోగంలో ఉండగా ఇలాంటి రాళ్ళను ఎన్నో చూశాను. ఒక పాత పటం దాన్ని ఇంట్లో కూర్చోబెట్టి పట్టిస్తుందని మాత్రం అనుకోలేదు. ఆ రాయిని వదిలేసి మిగిలిన అయిదింటితోనే పని కానిచ్చాం.

ఇక అసలు సంగతి. పటంలోని గీతలను ఫోన్‌లోకి ఎక్కించుకుని ఒక సాయంత్రం చెరువు గట్టు మీదికి వెళ్ళాం. మనవరాలు ఫోన్ ఎత్తి పట్టుకుంది. కొత్త కాలనీ వైపు తిప్పేసరికి నీలి గీత ఒకటి గడ్డి మీదుగా పాకుతూ వెళ్ళి, ఒక స్లాబు ఇంటి వసారా లోంచి దూరి, మోటారు సైకిలు కిందుగా బయటికి వచ్చింది. గీత ఒకచోట నిలవలేదు, గాలికి ఊగే దండెం మీది చీరలా అటూ ఇటూ కదులుతూనే ఉంది. ‘గెడ్డ ఇలా పారేదన్నమాట తాతయ్యా’ అంది. అప్పటికే పదిమంది చుట్టూ చేరారు. వాళ్ళలో ఎనభై అయిదేళ్ళు దాటిన ఒక పెద్దమ్మ ఆ ఫోన్‌ను కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, ‘ఓలమ్మ, అది గెడ్డేటే గుంటా, మదుం కాలవ కాదేటి! నక్కల గెడ్డ అల్లదిగో, ఆ తాటిసెట్టు కాడ ఒంపు తిరిగి బందలోకి దిగీది. మా అత్త ఉన్నప్పుడు అందులోనే గుడ్డలు ఉతుక్కునీవోళ్ళం’ అంది. తరువాత నా వైపు తిరిగి, ‘నువ్వు సర్వేరువి కదా బాబూ, నీకు తెల్దేటి?’ అని అడిగింది.

నాకు నిజంగానే తెలియదు. ఇంటికి వచ్చి భూతద్దంతో పటాన్ని మళ్ళీ చూస్తే, రంధ్రం అంచు నుంచి తాటిచెట్టు గుర్తు వరకు వెలిసిపోయిన జంట గీత ఒకటి కనిపించింది. పేరు పోవడం వల్ల, రంగు వెలిసిపోవడం వల్ల మేము దాన్ని వదిలేసి, కాస్త ముదురుగా ఉన్న మదుం కాలువనే గెడ్డ అనుకుని గీసేశాం. పటం తప్పు చెప్పలేదు, మేము తప్పు చదివాం. ఆ పెద్దమ్మ లేకపోతే ఆ తప్పు గీతే ఫోన్‌లో స్థిరపడి, పదేళ్ళ తరువాత ‘పాత రికార్డు ప్రకారం’ అన్న హోదా సంపాదించుకుని ఉండేది. నా లేఖలోని మాట అంతా ఇక్కడే ఉంది. గీత పటానిది, పేరు మనిషిది. రెంటినీ ఒకచోట చేర్చకుండా ఫోన్‌లో పెట్టేది ఏదైనా సగమే నిజం.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ, నేలను కొలిపిస్తూనే కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల వంటి తెలుగు పండితుల సాయంతో ఊరూరా కరణాలను, పెద్దలను అడిగించి స్థానిక వృత్తాంతాలను రాయించాడు. కైఫీయతులు అంటున్నవి అవే. ఆ సేకరణలో పెద్ద భాగం ఇవాళ చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉంది. కంపెనీ పాలన అవసరాల కోసం జరిగిన పనే అయినా, కొలత ఒక్కటే చాలదని ఆ సర్వేయరుకు తోచింది. రెండు వందల ఏళ్ళ తరువాత చేతిలో అంతకన్నా గొప్ప పనిముట్లు పెట్టుకున్న మనం కొలతతో సరిపెట్టుకుంటే బాగుండదు.

పనిముట్ల గొప్పతనం గురించి కూడా ఉన్నమాట చెప్పుకోవాలి. ఆకాశం పూర్తిగా కనిపించే మైదానంలో సైతం మామూలు ఫోన్ తన స్థానాన్ని దాదాపు అయిదు మీటర్ల తేడాతో చెబుతుంది. మా లెక్కలో చెప్పాలంటే, గొలుసు అరవై ఆరు అడుగులు, అందులో వంద లింకులు, లింకు ఎనిమిది అంగుళాలకు కాస్త తక్కువ. అంటే ఫోన్ ఇరవై అయిదు లింకుల తప్పు చేస్తోంది. నా ఉద్యోగంలో అంత తేడా వచ్చి ఉంటే మెమో చేతికి వచ్చేది. ఇనప స్తంభం పక్కన నిలబడితే దిక్సూచి కూడా తప్పుతుంది. మహానగరాల్లో అయితే వీధుల ఫోటోలతో పోల్చుకుని ఫోన్ తన చోటును సరిచూసుకునే ఏర్పాటు ఉంది. మన చెరువు గట్టుకు అలాంటి ఫోటోలు ఎవరు తీశారు? దీనికి ఖరీదు కాని మార్గం ఉంది. గుడి ప్రహరీ మీద, మదుం గోడ మీద, పంచాయతీ కార్యాలయం మెట్ల దగ్గర చిన్న పలకలు బిగించి, వాటి స్థానాన్ని ఉపగ్రహాల సాయంతో కొలిచే సర్వే రోవరు అనే పరికరంతో సెంటీమీటర్ల ఖచ్చితత్వంతో కొలిచి, పలక మీద క్యూఆర్ గుర్తు వేయాలి. చూసేవారు ముందు ఆ గుర్తుకు ఫోన్ చూపి అక్కడి నుంచి నడవడం మొదలుపెడితే గీత చాలావరకు కుదురుగా నిలుస్తుంది. సిగ్నలు లేని చోట కూడా పనిచేసేలా ఊరి పటాన్ని ముందే ఫోన్‌లో దింపుకునే వీలు ఉండాలి.

పటాల్లోనూ రకాలున్నాయి, ఒకదానికి పనికివచ్చే పద్ధతి ఇంకోదానికి పనికిరాదు. గ్రామ పటాన్ని రాళ్ళతో, గుర్తులతో నేలకు అతికించాలి. సర్వే ఆఫ్ ఇండియా వారి పాత టోపో షీట్లకు (భూస్వరూప పటాలకు) అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి గానీ, వాటిని సర్వేయరు జార్జ్ ఎవరెస్టు పేరు మీద 1830లో లెక్కగట్టిన భూగోళ ఆకారం మీద గీశారు. నేటి ఉపగ్రహాల లెక్క వేరు. ఆ తేడాను దిద్దకుండా యథాతథంగా పరిస్తే ఊరికి ఊరే పక్కకు జరిగిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలు రెండూ 65 ఎన్ అనే షీటులోనివి. కళింగపట్నం 84వ రేఖాంశం దాటి ఉండడం వల్ల 74 బి లోకి పోతుంది. వంశధార మీదుగా కిందికి దిగుతూ పటం చూసేవాడు నది మధ్యలో షీటు మార్చుకోవలసి వస్తుందన్నమాట. ఆ పటాల మీది పేర్లు ఇంకో తలనొప్పి. శ్రీకాకుళం చికాకోల్, భీమునిపట్నం బిమ్లిపటం. పెద్ద ఊళ్ళను పోల్చుకోగలం. దొరల చెవికి సరిగా ఆనని చిన్న ఊళ్ళను, కొండలను పోల్చుకోవాలంటే మళ్ళీ ఊళ్ళో వాళ్ళనే అడగాలి.

నీటి దారులను ముందు చూపించమని పట్టుబట్టడానికి కారణం ఉంది. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటిన రాత్రి మా ఊరి కొత్త కాలనీలో మోకాలి లోతు నీరు నిలిచింది. ఎందుకు వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు, కాలువ పూడికే కారణమని అందరం అనుకున్నాం. నక్కల గెడ్డ దారిని సరిచేసి గీశాక చూస్తే నీరు నిలిచిన వీధి అంతా ఆ జంట గీతల మధ్యే ఉంది. ఇళ్ళు కట్టుకున్నవారి తప్పు లేదు. వారికి స్థలం చూపిన నాటికి అక్కడ గెడ్డ లేదు, మెట్ట నేల ఉంది. ఆ గెడ్డ గీత ఒకటి ఫోన్‌లో కనిపించి ఉంటే కనీసం పునాది రెండడుగులు పైకి లేపుకునేవారు.

రికార్డులో ఒక మాట, వాడుకలో ఒక మాట ఉంటే ఎంత దూరం పోతుందో మన జిల్లాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. సోంపేట బీలను కాగితాలు బంజరు అన్నాయి. అక్కడ చేపలు పట్టుకునేవారు, ఆ నీటితో పంట పండించుకునేవారు అది బీల అన్నారు. విద్యుత్ కేంద్రం విషయంలో ఆ తగవు 2010 జులైలో కాల్పుల దాకా వెళ్ళి ప్రాణాలు తీసింది. కాకరాపల్లి తంపర దగ్గర మరుసటి ఏడాదే అటువంటి విషాదం. బీల, తంపర అన్న మాటలకు రెవెన్యూ రిజిస్టరు గళ్ళలో సరిపోయే మాట లేదు. అవి ఏడాదిలో కొన్నాళ్ళు నీరు, కొన్నాళ్ళు పొలం, కొన్నాళ్ళు మేత. సర్వేయరు ఏ నెలలో వెళ్ళాడన్న దాన్ని బట్టి పటంలో దాని రంగు మారుతుంది. ఏఆర్‌కు పటానికి లేని వీలు ఒకటి ఉన్నది ఇక్కడే. ఒకే చోట నిలబడి భాద్రపదంలో ఎలా ఉంటుందో, వైశాఖంలో ఎలా ఉంటుందో మార్చి మార్చి చూపించవచ్చు. ఏ నెలలో నీరు ఎక్కడిదాకా వచ్చేదో చెప్పవలసింది మాత్రం ఆ నీటి పక్కన బతికినవారే.

పట్టణాల సంగతికి వస్తే విజయనగరంలో పైడితల్లి అమ్మవారి గుడి ఉన్న కూడలిని మూడు లాంతర్లు అంటాం. ఆ పేరు తెచ్చిన పాత లాంతరు స్తంభాన్ని 2020లో తొలగించినప్పుడు పెద్ద వివాదమే నడిచింది. స్తంభం పోయినా పేరు ఇంకా ఆటోవాళ్ళ నోట బతికే ఉంది. గురజాడ వారి కన్యాశుల్కం తెర లేచే బొంకులదిబ్బ కూడా విజయనగరంలో ఒక చోటు అని ఆ వీధుల్లో తిరిగే కుర్రవాళ్ళలో ఎందరికి తెలుసు? అయ్యకోనేరు, పెద్ద చెరువు ఒకప్పుడు ఎంత మేర ఉండేవో పాత పట్టణ పటం పరిచి చూపిస్తే, ఆ గట్ల మీద రోజూ నడిచేవారే నమ్మలేరు. పైడితల్లి జాతరలో సిరిమాను తిరిగే దారిని ఏడాది పొడవునా ఫోన్‌లో చూపడం సరదాగా ఉంటుంది, దానికి నేను అడ్డు చెప్పను.

వంశధార రెండో దశ కోసం హిరమండలం జలాశయం కింద ఖాళీ చేసిన ఊళ్ళ విషయం సరదా కాదు. ఆ ఊళ్ళవారు ఇప్పుడు పునరావాస కాలనీల్లో ఉన్నారు. అక్కడి పిల్లలకు ‘మన ఊరు’ అంటే నీళ్ళ వైపు చూపించే వేలు. ఏ వీధి ఎక్కడ మొదలయ్యేదో, రామమందిరం ముందు ఏ చెట్టు ఉండేదో, కళ్ళం ఎటు వైపో చెప్పగలవారు ఇంకా మన మధ్య ఉన్నారు. జలాశయం గట్టు మీద నిలబడి ఫోన్ ఎత్తితే నీటి మీద ఆ వీధుల గీతలూ, ఇంటి పేర్లూ కనిపించేలా చేయడానికి గ్రామ పటాలు చాలు, కోట్ల ఖర్చు అక్కరలేదు. ఈ ఒక్క పనిని వాయిదా వేయకూడదని నా మనవి.

మన్యం వైపు మరింత జాగ్రత్త కావాలి. సీతంపేట కొండల్లో సవర గిరిజనులు ప్రతి వాగుకూ ప్రతి మలుపుకూ తమ భాషలో పేరు పెట్టుకున్నారు. పటం గీసినవాడు కింది ఊరి తెలుగువాడిని అడిగి రాసుకుపోయాడు. మన జిల్లాలోనే 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవరల దగ్గరికి వెళ్ళి, వారి భాష నేర్చుకుని, వారి మాటలు వారి నోటి నుంచే రాసుకున్నారు. ఆ కొండల మీద నిలబెట్టే పేర్లు ముందు సవరలోనూ, దాని కింద తెలుగులోనూ ఉండాలి.

దీనివల్ల ఒక ప్రమాదం కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి పని మొదలుపెట్టడం మంచిది కాదు. పాత పటం ఫోన్‌లోకి వచ్చిందనగానే పాత తగవులు కూడా వస్తాయి. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వే పూర్తయిన గ్రామాల్లో సర్వే నంబర్లు పోయి ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. రైతు నోట ఇంకా పాత నంబరే ఉంది. ఈ పరిస్థితిలో పొలం హద్దులను, హక్కుదారుల పేర్లను ఏఆర్‌లో చూపిస్తే గట్టు మీద ఫోన్ పట్టుకుని కొట్లాడుకునేవారు తయారవుతారు. ఇరవై అయిదు లింకుల తప్పు చేసే వస్తువును సాక్ష్యంగా పట్టుకుని రచ్చబండకు రావడం కన్నా అన్యాయం ఉండదు. అందుకని చెరువు, గెడ్డ, కాలువ, బాట, బావి, గుడి, శ్మశానం, చాకిరేవు, పేరున్న మెట్ట వంటి ఉమ్మడి వాటినే చూపాలి. సొంత కమతాల జోలికి పోకూడదు. ఏ పేరు ఎవరు చెప్పారో, ఏ ఏట చెప్పారో వారి అనుమతితో దాని పక్కనే నమోదు చేయాలి. ఇద్దరు రెండు మాటలు చెబితే రెండూ ఉంచాలి, ఒకటి కొట్టేసే అధికారం ఎవరికీ ఇవ్వకూడదు.

ఎవరు చేస్తారన్న ప్రశ్నకు నా దగ్గర తేలిక సమాధానం లేదు. రెండేళ్ళ క్రితం పొరుగు గ్రామం పాత పటం చూపించమని ఒక కార్యాలయానికి నాలుగుసార్లు వెళ్ళాను. మొదట బీరువా తాళం లేదన్నారు. చివరిసారి తాళం తీస్తే పై అరలో వాన నీరు కారి పటాలన్నీ అట్టముక్కలా అతుక్కుపోయి ఉన్నాయి. అక్కడి సిబ్బంది నాకన్నా ఎక్కువ బాధపడ్డారు కనుక ఆ కార్యాలయం పేరు రాయను. స్కాను చేయడానికి చట్టం అడ్డమని ఇంకా అనుకునేవారు ఉన్నారు. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల తరువాత, కొన్ని సున్నితమైన అంశాలు మినహా, పటాలు తయారు చేయడానికీ పంచుకోవడానికీ భారతీయులకు ముందస్తు అనుమతుల బెడద లేదు. బయట దేశాల్లో ఈ పని గ్రంథాలయాలు చేస్తున్నాయి. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం తన పాత పటాలను నేటి ఉపగ్రహ చిత్రాల మీద పరిచి, ఎవరైనా ఇంటి నుంచి చూసుకునేలా ఉంచింది. 2012లో బ్రిటిష్ లైబ్రరీ ఏడు వందలకు పైగా పటాలను స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన పాఠకులకు ఇస్తే వారం తిరగకుండానే వాటికి స్థానాలు గుర్తించి పెట్టారు. పాఠకులు చేయగల పనే ఇది.

మనకు ఆ ఓపిక లేదనడానికి లేదు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం ప్రారంభించి తెలుగు కథలను ఒకచోట చేర్చే పని తన భుజాన వేసుకున్నారు. కథలకు ఒక ఇల్లు దొరికిన ఊళ్ళోనే పటాలకు ఒక గది దొరకాలి. రోవరు వాడడం తెలిసిన గ్రామ సర్వేయర్లు ఉన్నారు. ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలో జె.ఎన్.టి.యు. గురజాడ ఉన్నాయి. వాటిలోని విద్యార్థులకు ఏటా ఒక ప్రాజెక్టు పని ఎలాగూ కావాలి. తలా ఒక ఊరు తీసుకుంటే చాలు. తయారైన పటమూ, మాటల రికార్డూ మాత్రం ఏ కంపెనీ సర్వరులోనో ఇరుక్కోకుండా ఒక నకలు పంచాయతీలో, ఒక నకలు జిల్లా గ్రంథాలయంలో ఉండాలి. యాప్‌లు అయిదేళ్ళకు చచ్చిపోతాయి, బట్టకు అంటించిన కాగితం డెబ్బై ఏళ్ళు నిలిచింది. అందుకే ఫోన్‌లో పెట్టినదాన్ని మంచి కాగితం మీద అచ్చు కూడా వేయించి పెట్టమంటున్నాను. దీనికి నవ్వేవాళ్ళు నవ్వవచ్చు.

పని ఏ వరుసలో జరగాలన్నది కూడా చెబుతాను. ముందు మనుషులను అడగాలి, తరువాతే పటాల స్కానింగు. మా ఊళ్ళో ఇప్పటికి ఆ పెద్దమ్మ చెప్పగా మనవరాలు పధ్నాలుగు పేర్లు రికార్డు చేసింది. నక్కల గెడ్డ, కాకి మడి, జమీందారు గుర్రాలకు గడ్డి కోసిన గుర్రాల చెక్క, ఇలా పదకొండింటికి పటంలో చోటు దొరికింది. మిగిలిన మూడూ ఎక్కడివో నాకు గానీ, నా వయసు వారికి గానీ తెలియదు. నడిచి చూపిస్తానని ఆమె అంది గానీ మోకాళ్ళు సహకరించడం లేదు. ఉభాలు (వరి నాట్లు) అయిపోయి గట్లు కాస్త ఆరాక ఆటోలో బంద దాకా తీసుకెళ్ళమంది. మేము వెళ్ళే రోజున పక్క ఊరి గ్రామ సర్వేయరు కూడా వస్తానన్నాడు. ఆసక్తి ఉన్న విద్యార్థులు ఎవరైనా వస్తే కూర్చోవడానికి మా వసారా ఉంది, చూడడానికి పటం ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత సర్వేయరు,
శ్రీకాకుళం జిల్లా